మూడో డిష్ సాక్ష్యం

మంగళవారం మధ్యాహ్నం పోయిన మనిషి గురించి సోమవారం ఉదయం దర్యాప్తు మొదలుపెడితే మిగిలేది తుడిచేసిన నేల, సర్దేసిన బల్లలు, ఒకరికొకరు అప్పజెప్పుకుని సిద్ధంగా ఉన్న మనుషులు. డిటెక్టివ్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసే ఒప్పుకుంది.

ఒప్పించింది పోయినాయన భార్య. ఆవిడ కుట్టుమిషన్ల మెకానిక్. ఆదివారం పొద్దున్నే వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, గుమ్మం దగ్గరే నిలబడి చెప్పుకొచ్చింది. తన భర్త లెక్కల మనిషి. మూలకణాల మీద పనిచేసే పరిశోధనా సంస్థలో పదకొండేళ్ళుగా ఉన్నాడు. ఒక్క కణాన్ని కూడా చేత్తో ముట్టినవాడు కాదు. ఏమీ కాని మూలకణం ఏ గంటకి, ఎంత ఒత్తిడికి లొంగి, కంటి కణంగానో కాలేయం కణంగానో మారిపోతుందో కాగితం మీద లెక్క గట్టడమే ఆయన పని. అక్కడ అందరూ ఆయన్ని లెక్కలాయన అనే అంటారు. అలాంటివాడు నేలమాళిగలో నైట్రోజన్ గదిలో ఊపిరాడక పోయాడని పోలీసులు చెబుతున్నారు. ఆ గదిలో ఆయనకేం పని అని అడిగితే, మతిమరుపు మనిషి కదా, దారితప్పి వెళ్ళి ఉంటాడన్నారు. ప్రమాదమని రాసిన కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నారు. ఆవిడ చెయ్యలేదు.

"ప్రమాదమే అయితే ఏడవడం నాకు వచ్చు మేడం. ఏడుస్తాను. అది ప్రమాదమని ముందు తేలాలి," అంది.

పోలీసులు తిరిగిచ్చిన వస్తువుల్లో గడియారం, కలం, కళ్ళజోడుతోపాటు చొక్కా జేబులో దొరికిన చిన్న కాగితం ముక్క ఒకటుంది. దాని మీద '9' అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది. ఆయన గీతలు గీసేది కోపం వచ్చినప్పుడేనని ఆవిడ చెప్పింది. ఒక గీతంటే చిరాకు, రెండంటే కోపం.

వెళ్ళబోతూ ఇంకో మాట కూడా చెప్పింది. ఆయన లెక్క తనకి ఒక్కటే అర్థమైందట. మోటారు మిషన్ పెడల్ కొద్దిగా నొక్కితే మోటారు మూలుగుతుంది గానీ తిరగదు. ఇంకాస్త నొక్కితే ఒక్కసారిగా పరుగందుకుంటుంది. పరుగందుకున్నాక పెడల్ కొంచెం వదిలినా ఆగదు. కణాలూ అంతేనని, ఆ గడప దాటకముందు వదిలేస్తే వెనక్కొచ్చేస్తాయని, దాటాక ఇక రావని ఆయన ఆవిడ కొట్లోనే స్టూలు మీద కూర్చుని చెప్పాడట. చెబుతూ చెబుతూ పెడల్ నొక్కి వేలు కుట్టించుకున్నాడట. ఆ మాట దగ్గర ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది.

డిటెక్టివ్ సోమవారం పదీ పదికి నేలమాళిగ మెట్లు దిగింది. మూడేళ్ళ కిందటి వరకూ ఆమె పోలీసు శాఖలో నేరపరిశోధన విభాగానికి అధిపతి. కస్టడీలో చచ్చిపోయిన ఒక కుర్రాడి కాగితాల మీద 'గుండెపోటు' అన్న మాట కింద సంతకం పెట్టనన్నందుకు ఇంటికి పంపించారు. శాఖలో ఆమెని చాటుగా 'టైమెంత మేడం' అనేవాళ్ళు. ఏ సాక్షినైనా ముందు ఆ ప్రశ్నే అడుగుతుందని.

నేలమాళిగ స్టోర్ కీపర్ రిటైర్మెంటుకి నాలుగు నెలలున్న మనిషి. ఆయన్నీ అదే అడిగింది. రెండింటికి భోజనానికి వరండా చివర తన గదిలోకి వెళ్ళానని, రెండూ యాభై ఐదుకి అలారం మోగితే పరుగెత్తుకొచ్చానని ఆయన చెప్పాడు. తలుపు గడియ వేసి లేదు, తోస్తే వచ్చింది. లోపల తెల్లటి పొగ మోకాళ్ళ దాకా ఉంది. లెక్కలాయన తలుపు వైపే బోర్లా పడి ఉన్నాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని కాళ్ళు పట్టి బయటికి లాగాడు. అప్పటికే అయిపోయింది. ఆయన తాళాలగుత్తి తీసి గది తలుపు తెరిచాడు.

గది చిన్నది. నాలుగు అడుగులేస్తే అవతలి గోడ. మధ్యలో నడుమెత్తు ఉక్కు ట్యాంకు. అందులో నైట్రోజన్ ద్రవంలో ముంచి, గడ్డకట్టించిన కణాల గొట్టాల్ని దాస్తారు. అది ఆవిరైతే వాసన లేదు, మంట లేదు. గదిలో గాలిని తోసేసి ఆ చోటులో కూర్చుంటుంది. మనిషికి తెలిసేలోపే నాలుగు ఊపిర్లలో కాళ్ళు పడిపోతాయి. అందుకే గాలి తగ్గితే మోగే అలారం పెట్టారు.

డిటెక్టివ్ గదిలో రెండు నిమిషాలే ఉంది. బయట వరండాలో మాత్రం ఇరవై నిమిషాలు గడిపింది. ఎందుకంటే ముఖ్యమైనవన్నీ బయటే ఉన్నాయి. ట్యాంకు నింపే గొట్టం తిప్పుడు చక్రం బయట గోడకే ఉంది. దాని పక్క మేకుకి మందపాటి చేతితొడుగులు వేలాడుతున్నాయి. వాటి మీద వారం దుమ్ము. తలుపుకి గడియ బయటే. అలారం పెట్టె కూడా బయటే. పెట్టె మీద పసుపుపచ్చ బటన్, కింద చీమల్లాంటి అక్షరాలతో స్టిక్కర్. డిటెక్టివ్ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు పెట్టెకి ఆనించి చదివింది. ట్యాంకు నింపేటప్పుడు అలారం ఊరికే మోగుతుంది కాబట్టి ముందుగా ఆ బటన్ నొక్కాలి. ముప్ఫై నిమిషాలు మౌనంగా ఉండి తర్వాత అలారం దానంతటదే మళ్ళీ పనిలోకొస్తుంది.

రెండూ యాభై ఐదుకి మోగింది. అంటే రెండూ ఇరవై ఐదుకి ఎవరో దాని నోరు నొక్కారు.

ట్యాంకు ఎప్పుడెప్పుడు నింపుతారని అడిగితే సోమ, గురువారాల్లోనే అని స్టోర్ కీపర్ రిజిస్టరు తీసి చూపించాడు. మంగళవారం గడి ఖాళీ. పోలీసులు గది మూయించడంతో గురువారం గడీ ఖాళీయే.

"అలారం చెడిపోయిందని రిపోర్టులో రాశానే, చదవలేదా?" అన్న గొంతు మెట్ల మీద నుంచి వినిపించింది.

తిరిగి చూడకుండానే ఎవరో ఆమెకి తెలిసింది. ఆరేళ్ళు ఆమె దగ్గరే పని నేర్చుకుని, ఆమె పెట్టనన్న సంతకం తాను పెట్టి, ఆమె కుర్చీలో కూర్చున్న మనిషి. ఇప్పుడు విభాగం అధిపతి. ఫైళ్ళు త్వరగా మూస్తాడని పైవాళ్ళకి ఇష్టం. అందుకే కిందివాళ్ళు ఫైలుమూత అని పేరు పెట్టారు. మొహం పీక్కుపోయి ఉంది. గెడ్డం గీసుకోలేదు. ఒకప్పుడు చొక్కా ఇస్త్రీ నలిగితే స్టేషనుకి రానివాడు.

"చెడిపోలేదు. ముప్ఫై నిమిషాలు నిద్రపుచ్చారు. స్టిక్కరు చదువు," అంది డిటెక్టివ్.

అతను చదవలేదు. పనివాళ్ళు అలవాటు కొద్దీ నొక్కి ఉంటారన్నాడు. నింపే రోజు కాదు కదా అంటే, ట్యాంకు దగ్గర ఎవరికి ఏ అవసరం పడిందో ఎవరికి తెలుసన్నాడు. గడియ బయట ఉంది చూడమంటే, తలుపు తెరిచే ఉంది కదా అన్నాడు. జేబులో కాగితం సంగతెత్తితే, లెక్కల మనిషి జేబులో అంకె ఉండటం కూడా నేరమేనా అన్నాడు. ప్రతిదానికీ జవాబుంది. ఏ జవాబులోనూ టైము లేదు.

చివరికి అసలు సంగతికొచ్చాడు. లెక్కలాయనతో గొడవపడ్డ మనిషి ఆ సంస్థ మొత్తంలో ఒక్కడే, పరిశోధన నడిపించే ప్రొఫెసర్. ఆయన రెండింటి నుంచి మూడింటికి పది నిమిషాల తక్కువ వరకూ రెండో అంతస్తులో కణాలు పెంచే గదిలో, అక్కడ పనిచేసే ఒక పరిశోధకురాలి పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె మూడో డిష్‌లో, అంటే కణాలు పెంచే మూడో గాజుపళ్ళెంలో, ద్రవం మార్చిన టైము కూడా రిజిస్టరులో ఉంది, సరిగ్గా రెండు. ఇవాళ అయిదింటికి ఫైలు మూసేస్తున్నాడు.

"నీకింత తొందరెందుకు?" అని అడిగింది.

"మీకింత నిదానమెందుకు మేడం? ఆ రోజు ఆ ఒక్క సంతకం పెట్టి ఉంటే ఇవాళ నా కుర్చీలో మీరే ఉండేవారు."

"ఉండేదాన్ని. రోజూ ఆ కుర్రాడి తల్లి గుమ్మం ముందు నుంచే ఆఫీసుకి వెళ్ళాలిగా. నువ్వు ఏ దారిన వెళుతున్నావో నాకు తెలీదు."

అతను అయిదు వరకే టైమని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. అతను బయట వీధి వైపు కాకుండా పై అంతస్తుల వైపు వెళ్ళడం డిటెక్టివ్ చూసింది. ప్రొఫెసర్‌ని హెచ్చరించడానికి పోతున్నాడనుకుంది.

ప్రొఫెసర్ ఆమెని వెంటనే లోపలికి పిలిచాడు. కంటి సర్జన్‌గా పేరు తెచ్చుకుని పరిశోధనలోకి వచ్చినవాడు. మాట మెత్తన. పోయినాయన మంచితనం గురించి అయిదు నిమిషాలు మాట్లాడి, ఆ తర్వాత నిట్టూర్చి, పోయినవాళ్ళ గురించి అనకూడదు గానీ ఆయన లెక్క తప్పిందన్నాడు. శుక్రవారం డిష్‌లు లెక్కపెట్టారట. మూడో డిష్‌లో నూటికి ముప్ఫై నాలుగు కణాలు మారతాయని లెక్కలాయన చెప్పాడు. అరవై ఒకటి మారాయి. కణాలు వైద్యానికి పనికిరావని, ఇంకా ఆగాలని రెండు వారాలుగా అడ్డుపడింది ఈ లెక్క పట్టుకునే. ఇక ఆ అడ్డు లేదు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో విచారం ఉంది గానీ, బల్ల మీద వేళ్ళు మాత్రం హుషారుగా తాళం వేస్తున్నాయి.

అక్కడి నుంచి ఆమె కణాలు పెంచే గదికి వెళ్ళేసరికి పదకొండున్నర. గదిలో ఫ్రిజ్జంత ఇంక్యుబేటర్, మైక్రోస్కోపు, ఒక గాజు పెట్టె. ముప్ఫై దాటిన పరిశోధకురాలు ఒక్కతే ఉంది. పోలీసులకి చెప్పిందే మళ్ళీ చెప్పింది. రెండింటికి ద్రవం మార్చాను, ప్రొఫెసర్‌గారు పక్కనే ఉన్నారు, మేడం. అదే వరుస, అవే మాటలు, ఒక్కటి అటూ ఇటూ కాకుండా.

డిటెక్టివ్ ఆ సంగతి వదిలేసి, ఇంక్యుబేటర్ తలుపుకి అంటించిన గ్రాఫు గురించి అడిగింది. లెక్కలాయన స్వయంగా గీసింది. పరిశోధకురాలి మొహంలో మొదటిసారి కాస్త ప్రాణం వచ్చింది. చెప్పడం మొదలుపెట్టింది. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి నాలుగు డిష్‌లలో మూలకణాలకి ఒక మందు పోశారు. కంటి కణాలుగా మారమని చెప్పే మందు. ఆ మందు ఎన్ని గంటలు ఉంచి తీసేస్తే ఎన్ని కణాలు గడప దాటతాయన్నది ప్రశ్న. ఒక్కో కణం గడప ఒక్కో ఎత్తులో ఉంటుంది కాబట్టి అన్నీ ఒకేసారి దాటవు. నలభై రెండు గంటల దాకా దాదాపు ఏమీ జరగదు. ఆ తర్వాత గంటగంటకీ దూకుతాయి. యాభై నాలుగుకి ఇంచుమించు అన్నీ దాటేస్తాయి. దాటినవి పచ్చగా వెలుగుతాయి. ద్రవం మార్చి ఆ మందు తీసేసి, దాటనివి వెనక్కి వెళ్ళేదాకా మూడు రోజులాగి, పచ్చవాటిని లెక్కపెడతారు. మిగతా మూడు డిష్‌లూ లెక్కలాయన గీత మీదే కూర్చున్నాయి. గీతకి దూరంగా, అనాథలా పైన నిలబడిన చుక్క మూడోది ఒక్కటే.

"మూడు చోట్ల తప్పని లెక్క నాలుగో చోట ఎందుకు తప్పిందమ్మా?"

పరిశోధకురాలు తెలీదంది. తెలీదన్న మాట బల్లతో చెప్పింది.

డిటెక్టివ్ సంచీలోంచి స్కేలు తీసింది. అరవై ఒకటి దగ్గర నుంచి అడ్డంగా గీత తాకేదాకా జరిపి, అక్కడి నుంచి కిందికి దించింది. స్కేలు యాభై గంటలూ పది నిమిషాల మీద ఆగింది. ఆదివారం రెండింటి నుంచి యాభై గంటల పది నిమిషాలంటే మంగళవారం నాలుగూ పది.

"ఆయన లెక్క తప్పలేదు. నువ్వు రాసిన టైము తప్పింది. రెండింటికి నువ్వు ఈ గదిలో లేవు. నువ్వు లేకపోతే నీ పక్కన ఆయనా లేడు," అంది డిటెక్టివ్.

పరిశోధకురాలు చేతితొడుగులు విప్పి, వాటిని మడత పెట్టి, మళ్ళీ విప్పి, చెప్పేసింది.

వైద్యం మొదలైపోయింది. అనుమతి ఇంకా రాలేదు. తొందరపడి చేసిన ఒక బ్యాచ్‌లో, ఎక్కువసేపు మందు ఉంచకుండా తయారుచేసిన కణాలు పన్నెండు గొట్టాలు నైట్రోజన్‌లో ఉన్నాయి. వాటిలో నూటికి ఆరు గడప అంచు మీదే ఉన్నాయని, ఒంట్లోకి వెళ్ళాక తొమ్మిదో రోజు నుంచి వెనక్కి జారి, మళ్ళీ ఏమీ కాని కణాలై, అదుపు లేకుండా పెరుగుతాయని లెక్కలాయన రెండు వారాల కిందటే ప్రొఫెసర్‌కి రాసిచ్చాడు. ప్రొఫెసర్ ఆ కాగితాన్ని చదివి, లెక్కలు రోగుల కన్నీళ్ళు తుడవవని అన్నాడట. మంగళవారం పొద్దున్నే ట్యాంకులోంచి మూడు గొట్టాలు తీసి చిన్న నైట్రోజన్ ఫ్లాస్కులో పెట్టుకోమని, రెండింటికి వాటితో మూడో అంతస్తు వార్డులోకి రమ్మని చెప్పాడు. అక్కడ పదకొండేళ్ళ పాప. రెండేళ్ళుగా చూపు పోతూ పోతూ, ఇప్పుడు వెలుతురు మాత్రమే తెలుస్తుంది. పక్కగదిలో గొట్టాలు కరిగించి, కణాలు కడిగి సిద్ధం చేసేసరికి ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటలో ప్రొఫెసర్ ఎక్కడున్నాడో తను చూడలేదు. పని అయ్యాక కిందికొచ్చి నాలుగూ పదికి డిష్‌లో ద్రవం మార్చింది. వార్డు సంగతి బయటపడకుండా రెండింటికే మార్చినట్టు రాయమన్నాడు. రాసింది.

తొమ్మిది అంటే ఏమిటని డిటెక్టివ్ అడిగింది.

మంగళవారం ఒంటిగంటకి భోజనాల బల్ల దగ్గర లెక్కలాయన ఆమెని నేరుగా అడిగాడు, పన్నెండు గొట్టాలూ ట్యాంకులోనే ఉన్నాయా అని. ఉన్నాయని చెప్పింది. ఆయన కాసేపు ఆమె మొహం చూసి, సరేనమ్మా అన్నాడు. తర్వాత కిందికెళ్ళి తానే లెక్కపెట్టుకున్నాడు. పన్నెండుకి తొమ్మిదే ఉన్నాయి.

"నా మాట నమ్మి ఉంటే ఆ గదిలోకి వెళ్ళేవాడు కాదు మేడం. పదకొండేళ్ళలో ఆయన నా మాట నమ్మనిది ఆ ఒక్కసారే."

నమ్మి ఉంటే ఆయన బతికేవాడు, నీ అబద్ధమూ బతికేది అనాలనిపించింది డిటెక్టివ్‌కి. అనలేదు. ఆ ముప్పావు గంటలో వార్డులో ఇంకెవరున్నారని అడిగింది.

పరిశోధకురాలు ఆశ్చర్యంగా చూసింది. పాప వాళ్ళ నాన్న. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే. "మీకు తెలుసనుకున్నాను. పొద్దున మీతో కింద మాట్లాడింది ఆయనే కదా. ఆ పోలీసాయన."

మెట్లెక్కుతుంటే డిటెక్టివ్‌కి పొద్దున్నుంచీ అతనిచ్చిన ఒక్కో జవాబూ మళ్ళీ వినిపించింది. అతనికొక కూతురుందని తెలుసు. ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి స్టేషనుకి తీసుకొచ్చాడు. ఆ పిల్ల తన బల్ల మీద కూర్చుని రబ్బరు స్టాంపులన్నీ చేతుల మీద కొట్టుకుంది. చూపు పోతోందని తెలీదు. మూడేళ్ళుగా వాళ్ళిద్దరి మధ్యా ఇంటి మాటల్లేవు.

అతను మూడో అంతస్తు వరండాలో గోడకి వేసిన కుర్చీల వరసలో చివరి దాంట్లో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో నీలిరంగు స్వెట్టర్. టైము పన్నెండూ ఇరవై. ఆమెని చూసి లేవబోయాడు. పాత అలవాటు. ఆమె పక్క కుర్చీలో కూర్చుంది. మూడో డిష్ సంగతి, పన్నెండు గొట్టాల సంగతి, తొమ్మిదో రోజు సంగతి, ఒకదాని తర్వాత ఒకటి, గొంతు పెంచకుండా చెప్పింది. మంగళవారం నుంచి తొమ్మిదో రోజంటే గురువారం. ఈలోపు కణాలు తీసేస్తే ప్రాణానికి భయం లేదు, ఏ కంటి సర్జనైనా తీయగలడు, కానీ ఆ కంట్లో మిగిలిన వెలుతురు కూడా పోవచ్చు. పరిశోధకురాలు చెప్పింది చెప్పినట్టే చెప్పింది.

అతను వింటున్నంతసేపూ స్వెట్టర్ చేతులు మడతపెడుతూనే ఉన్నాడు.

"నిన్న కిటికీ ఎటుందో చూపించింది మేడం. వేలు పెట్టి. మేము చెప్పకుండానే," అన్నాడు.

ఆ కణాలు పనిచెయ్యడానికి కనీసం ఆరు వారాలు పడుతుందని పరిశోధకురాలు ఇందాకే చెప్పింది. అయిదు రోజుల్లో ఏ కణమూ ఏ కిటికీనీ చూపించలేదు. పాప చూసింది మిగిలిన ఆ కాస్త వెలుతురునో, తండ్రి ఆశనో. డిటెక్టివ్ ఆ మాట తనలోనే ఉంచుకుంది. ఉంచుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. నిజం చెప్పడమే పనిగా బతికిన మనిషి ఆమె.

"ఆ ముప్పావు గంట నువ్వు గదిలోనే ఉన్నావు. ఆయన ఉన్నాడా?" అని మాత్రం అడిగింది.

అతనిలోని ఒకప్పటి శిష్యుడు అప్పుడు బయటికొచ్చాడు. టైములు నిమిషాలతో సహా చెప్పాడు. రెండూ పద్దెనిమిదికి ప్రొఫెసర్ ఫోను మోగింది. "గొట్టాల సంగతి నేనొచ్చి చెబుతాను. అక్కడే ఉండు, కిందికొస్తున్నా" అని పెట్టేశాడు. రెండూ ఇరవైకి బయటికెళ్ళాడు. రెండూ నలభైకి తిరిగొచ్చాడు. ఆ సాయంత్రం నేలమాళిగకి తనని పిలిచి శవాన్ని చూపించినప్పుడు, ఈ రెండు టైములూ తన తలలోనే ఉన్నాయి. బయటికి తీస్తే పాప కంటికి మిగతా రెండు విడతల వైద్యం ఉండదు. అందుకే ఫైలులో ప్రమాదమని రాశాడు. పొద్దున కింద స్టిక్కరు కావాలనే చదవలేదు. చదవాల్సిన పని లేదు, మంగళవారమే చదివాడు.

"అనుమానం అనుకున్నాను మేడం. అనుమానం అని రోజూ నాకు నేనే చెప్పుకున్నాను. కానీ పాప అంది."

"ఏమంది?"

"ఆయన తిరిగొచ్చి మొహం పట్టుకుని పరీక్ష చేస్తుంటే, డాక్టరంకుల్, మీ చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయేంటి అంది."

డిటెక్టివ్ కళ్ళ ముందు నేలమాళిగ గోడకున్న తిప్పుడు చక్రం కదిలింది. మేకుకి వేలాడుతున్న చేతితొడుగులు, వాటి మీద వారం దుమ్ము. నైట్రోజన్ పారుతున్న గొట్టాన్ని ఒట్టిచేతుల్తో పట్టుకుని ఎంతసేపు నిలబడి ఉంటాడు? లోపలి మనిషి తలుపు కొట్టడం ఆపేదాకా. ఈ కేసులో అసలు సాక్షి పరిశోధకురాలూ కాదు, ఈ తండ్రీ కాదు. చూపు లేని పదకొండేళ్ళ పిల్ల.

"ఆ మాట ఆయన ఎదుటే అందా?"

"ఆయనతోనే అంది. నవ్వేశాడు. ఇవాళ కూడా..." అతను ఆగాడు. "ఇందాక ఆయన చెయ్యి పట్టుకుని, ఇవాళ వెచ్చగా ఉన్నాయి, ఆ రోజెందుకు అంత చల్లగా ఉన్నాయి అని అడిగింది. కట్టు మార్చాలి, మీరు బయట కూర్చోండి అన్నాడు నాతో."

"ఎంతసేపైంది?"

అతను గడియారం చూసుకున్నాడు. కట్టు మార్చడానికి పది నిమిషాలు చాలు. నలభై నిమిషాలైంది.

ఇద్దరూ ఒకేసారి లేచారు. స్వెట్టర్ నేల మీద పడింది. వరండా చివర గది తలుపు లోపల గడియ వేసి ఉంది. అతను చెయ్యెత్తి కొట్టబోతే డిటెక్టివ్ ఆపి, చెవి ఆనించింది. లోపల ప్రొఫెసర్ మెత్తటి గొంతు, మత్తుమందు ఇచ్చాను, నిద్ర ముంచుకొస్తుంది, అంకెలు చెబుతూ ఉండు తల్లీ అంటోంది. పాప ఒకటి నుంచి మొదలుపెట్టింది. బడిలో అప్పజెప్పినట్టు, స్పష్టంగా, ఒక్కో అంకెకీ ఊపిరి తీసుకుంటూ. నాలుగు దగ్గర గొంతు మందగించింది. అతను రెండడుగులు వెనక్కి వేసి భుజంతో తలుపుని గుద్దాడు. గడియ కదలలేదు. రెండోసారి గుద్దాడు. లోపల కుర్చీ ఏదో పడిన చప్పుడు. డిటెక్టివ్ కూడా తన భుజం అతని భుజం పక్కన పెట్టింది.

ఏడు తర్వాత పాప గొంతు వినిపించలేదు.